మా అమ్మ మృదుభాషిణి కాదు, మరి ఏమని రాయాలి?

పోయిన నెల ఈ పేజీలో ఒకాయన నాలుగు లైన్ల ఉత్తరం వేశాం, గుర్తుందా, "పొద్దున లేచిన దగ్గర్నుంచి నన్ను సాధించే మనిషి పోయింది, ఇప్పుడు ఇల్లంతా నిశ్శబ్దం, ఈ నిశ్శబ్దం నావల్ల కావట్లేదు" అని. అది ప్రశ్న కూడా కాదు, నేనూ జవాబేమీ రాయలేదు, ఊరికే వేశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని మాత్రం అనుకోలేదు. అన్నీ ఇంచుమించు ఒకేలాంటి మనిషి గురించే: గట్టిగా మాట్లాడే భార్య, కోపం ఎక్కువున్న అమ్మ, తనవాళ్ళ జోలికొస్తే ఎవర్నీ లెక్కచెయ్యని ఆడమనిషి. అందుకే ఈసారి పేజీ మొత్తం వీళ్ళకే ఇచ్చేస్తున్నా, మిగతా ప్రశ్నలు పంపినవాళ్ళు ఏమీ అనుకోకండి, వచ్చే నెల చూద్దాం.

ప్రశ్న: మేడమ్, మా అమ్మ పోయి ఐదు నెలలైంది. వచ్చే నెల ఆవిడ పుట్టినరోజు. ఆ రోజు దగ్గరివాళ్ళందరం కూర్చుని అమ్మని తలుచుకుందామని, చిన్న పుస్తకం కూడా వేద్దామని అనుకున్నాం. అన్నయ్య మొదటి పేజీ రాసి పంపాడు. "మా మాతృమూర్తి మృదుభాషిణి, సహనశీలి, అజాతశత్రువు" అని మొదలైంది. చదివి ముందు పడీ పడీ నవ్వాను, తర్వాత ఏడుపొచ్చేసింది. ఎందుకంటే అమ్మ గొంతెత్తితే వీధి చివరిదాకా వినపడేది, ఆవిడకున్నంత మంది శత్రువులు రాజకీయ నాయకులకి కూడా ఉండరు.

నాది ఎడమచేతి వాటం. రెండో క్లాసులో మా టీచర్ నా ఎడమ చేతిని రిబ్బనుతో బెంచీకి కట్టేసి కుడి చేత్తో రాయించేది. నేను ఇంట్లో చెప్పలేదు, మణికట్టు మీద గుర్తు చూసి అమ్మే పట్టుకుంది. మర్నాడు క్లాసు మధ్యలో వచ్చేసింది, ఎవర్నీ అడగలేదు, తిన్నగా బోర్డు దగ్గరికెళ్ళి చాక్‌పీసు ఎడమ చేత్తో పట్టుకుని తన పేరు రాసింది, వంకర టింకరగా, పాము పాకినట్టు వచ్చింది. "చూశారుగా, ఈ చెయ్యి నాకెంత రాదో ఆ చెయ్యి నా కూతురికంతే రాదు, ఏదీ ఇప్పుడు మీరు రాయండి" అని చాక్‌పీసు టీచర్ చేతిలో పెట్టి, ఆవిడ రాసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. నలభై మంది పిల్లల ముందు. ఆ రోజు నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, అది కూడా నిజం.

నాన్నకి గుండె ఆపరేషన్ అయినప్పుడు తొమ్మిది రోజులు ఆసుపత్రిలోనే ఉంది. చిన్న నోట్‌బుక్‌లో గీతలు కొట్టి తారీఖు, టైము, ఏ మందు, ఎవరిచ్చారు అని నాలుగు గళ్ళు. ఒక రాత్రి నర్సు ఇంజెక్షన్ తెస్తే "దాని మీద పేరు చదువమ్మా" అంది. పక్క బెడ్ ఆయన పేరు. అమ్మ కేకలెయ్యలేదు, నాన్న నిద్రపోతున్నారు కదా, మెల్లిగా "ఇది ఈయనది కాదమ్మా" అంది. ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

ఇవన్నీ రాస్తానంటే అన్నయ్య వద్దంటున్నాడు, "పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలి" అంటాడు. అక్క అసలేమీ రాయనంటోంది. అక్క పెళ్ళి విషయంలో అమ్మ దాంతో రెండేళ్ళు మాట్లాడలేదు. ఇప్పుడు అమ్మ బ్యాగులో ఆ ఆసుపత్రి నోట్‌బుక్ దొరికింది, వెనక పేజీల్లో అవే నాలుగు గళ్ళు, ఆ రెండేళ్ళ తారీఖులు, "పెద్దదానికి జ్వరం", "పెద్దది ఇల్లు మారింది", ఎవరు చెప్పారో వాళ్ళ పేరు. నేను ఏడుస్తూ అక్కకి చూపిస్తే అది ఒక్క మాటంది, "నాతో అనాల్సింది నోట్‌బుక్‌తో అంది, నాకేం లాభం." దీన్ని పుస్తకంలో వేద్దామని నాకుంది. వెయ్యొచ్చా? అసలు ఏం రాయాలి, ఏం వదిలెయ్యాలి?

జవాబు: అమ్మాయ్, ముందు ఒకటి చెప్తా, నీ ఉత్తరమే పుస్తకంలో మొదటి పేజీ. దానికి పెద్దగా ఏమీ కలపక్కర్లేదు.

మృదుభాషిణి, సహనశీలి, అజాతశత్రువు. ఈ మూడు మాటలూ రబ్బరు స్టాంపులు. ఎవరు పోయినా అదే ఇంకు, అదే గుద్దు. నేను ఈ పత్రికలో సంతాప ప్రకటనలు దిద్దే పని కొన్నేళ్ళు చేశాను, పేరుకి చెయ్యి అడ్డం పెట్టి చదివితే ఏది ఎవరిదో చెప్పలేకపోయేదాన్ని. పాపం రాసినవాళ్ళ తప్పు కాదనుకో, ఏడుస్తూ ఎవరు మాటలు వెతుక్కుంటారు, దగ్గర్లో ఉన్నది తీసి పెట్టేస్తారు. కానీ మీకు ఇంకో నెల టైముంది.

ఇంకో సంగతి. మన భాషలో గొంతున్న ఆడదానికి ఉన్నవి రెండే పేర్లు. ఇష్టం లేకపోతే గయ్యాళి, ఇష్టమైతే "మాట కటువు గానీ మనసు వెన్న". రెండోది మెచ్చుకోలు అనుకుంటాం గానీ నాకు అది కూడా నచ్చదు, ఆ కటువుకి క్షమాపణ చెప్పినట్టుంటుంది. తెర మీద గయ్యాళి అంటే సూర్యకాంతంగారే (1924-1994) గుర్తొస్తారు మనకి, ఆవిడతో పనిచేసినవాళ్ళేమో బయట ఎంత మంచి మనిషో అని చెప్పుకునేవాళ్ళు. అది నటన కాబట్టి వేరే మనిషి, వేరే పాత్ర. మీ అమ్మ విషయంలో అలా రెండు ముక్కలు చెయ్యడానికి కుదరదు. చాక్‌పీసు పట్టుకున్న కోపం, నోట్‌బుక్‌లో గళ్ళు గీసిన ప్రేమ, ఒకే చేతివి. కోపం తీసేసి ప్రేమ ఒక్కటే ఉంచుదామని మీ అన్నయ్య చూస్తున్నాడు, అలా తీస్తే ఆ బోర్డు మీద ఏమీ మిగలదు.

మాటతో ఏం పోతుందిలే అనుకోకు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అని ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు ఒక పరీక్ష చేశారు. కారు యాక్సిడెంట్ల సినిమా ముక్కలు చూపించి, కార్లు ఎంత స్పీడులో ఉన్నాయి అని అడిగారు. కొందర్ని "ఒకదానికొకటి తగిలినప్పుడు" అని అడిగారు, కొందర్ని "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అని. చూసింది అవే ముక్కలు. తగిలాయి అని అడిగితే సగటున గంటకి 32 మైళ్ళన్నారు, నుజ్జయ్యాయి అని అడిగితే దాదాపు 41 అన్నారు. అడిగిన మాటని బట్టి చూసినదే మారిపోయింది. ఇప్పుడు మీ ఇంట్లో చిన్న పిల్లలున్నారు చూడు, వాళ్ళకి అమ్మమ్మ, నానమ్మ సగం సగమే గుర్తుంటుంది. పదేళ్ళు "మృదుభాషిణి" అని చదివితే ఆవిడ గొంతే మర్చిపోతారు. లేని ఒక మెత్తటి ఆవిడ గుర్తుంటుంది.

అందుకని ఒక పని చెయ్యి, అందరూ కలిసి కూర్చోకముందే చెయ్యి, కూర్చుంటే ఒకరి జ్ఞాపకం ఇంకొకరిది మింగేస్తుంది, గట్టిగా చెప్పినవాడి కథే అందరి కథా అయిపోతుంది. ఒక్కొక్కర్నీ విడిగా ఒక్క సంఘటన రాయమను. "అమ్మ ఎలాంటిది" అని అడక్కు, అలా అడిగితే మళ్ళీ స్టాంపులే వస్తాయి. "అమ్మ నీ కోసం ఎవరితో గొడవ పెట్టుకుంది" అని అడుగు. "నిన్ను ఎప్పుడు తిట్టింది, ఏమని తిట్టింది" అని అడుగు, తిట్లు ఆవిడ మాటల్లోనే రాయమను, తిట్లలో మనిషి గొంతు అచ్చం అలాగే దొరుకుతుంది. నాన్నగారి దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసుకో, "అమ్మ గురించి చెప్పండి" అంటే ఆయన ఏడుస్తారు, లేదా మంచిది అని ఊరుకుంటారు. "ఆసుపత్రిలో తొమ్మిది రోజులు అమ్మ ఎక్కడ పడుకునేది" అని అడుగు, అక్కణ్ణుంచి ఆయనే వస్తారు. ఇంటివాళ్ళు కానివాళ్ళని కూడా అడుగు. ఆ టీచర్ ఇంకా ఉంటే, నా మాట విని, ఆవిడనీ అడుగు. రాస్తే ఆ పుస్తకంలో అంతకంటే మంచి పేజీ ఉండదు.

మీ అన్నయ్యతో పోట్లాడకు. ఆయన అబద్ధం రాయట్లేదు, కాపలా కాస్తున్నాడు. నలుగురిలో అమ్మని ఎవరైనా ఏమైనా అంటారేమోనని ముందే తలుపులేసేస్తున్నాడు, ఆ గుణం ఎక్కడిదో నీకు నేను చెప్పాలా? ఆయన కోసం అమ్మ ఎక్కడో ఎవర్నో కడిగేసే ఉంటుంది, ఆ ఒక్కటి రాయమను. మృదుభాషిణి అనే మాట వదలనని పట్టుబడితే ఆ రాత్రి ఇంజెక్షన్ పేజీలో వాడుకోమను, అక్కడ సరిగ్గా సరిపోతుంది.

ఇక మీ అక్క. ఇక్కడ నువ్వు జాగ్రత్తగా ఉండాలి తల్లీ. నోట్‌బుక్ దొరికింది కదా అని ఆ రెండేళ్ళు మాఫీ అయిపోవు. ఆ రెండేళ్ళు అనుభవించింది మీ అక్క, నువ్వు కాదు. నీకు ఆ గళ్ళు కడుపుతీపిలా కనపడుతున్నాయి, ఆవిడకి వేసి ఉన్న తలుపులా కనపడుతున్నాయి, రెండూ నిజమే. ఇంత ప్రేమున్న మనుషులు ఇంత మొండిగా ఉండగలరు, కాపాడిన చేత్తోనే గాయం చెయ్యగలరు. కాబట్టి ఆ పేజీలు మీ అక్కవి. వేస్తే ఆవిడ వెయ్యాలి. నువ్వు చెయ్యాల్సింది నోట్‌బుక్ ఆవిడ చేతికిచ్చి రావడం, ఇచ్చేటప్పుడు ఏమీ అనకుండా ఇవ్వడం. పుస్తకంలో అక్క పేజీ ఖాళీగా ఉంటే ఉండనీ, పేరు వేసి ఖాళీగా వదిలెయ్యండి, అడిగినవాళ్ళకి ఏమీ చెప్పక్కర్లేదు. నీ పేజీలో మాత్రం ఆ సిగ్గు సంగతి తియ్యకు, "సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది" అన్న ముక్క లేకపోతే అది పొగడ్త అయిపోతుంది.

ప్రశ్న: అమ్మా, నా వయసు 71. నా భార్య పోయి ఎనిమిది నెలలు, మాది 44 ఏళ్ళ కాపురం. రోజూ రాత్రి తలుపు గొళ్ళెం వేసి "వేశాను" అని పైకి చెప్తాను. ఆవిడ ప్రతి రాత్రీ "గొళ్ళెం వేశారా" అని అడిగేది, వేశానన్నా సరే లేచి వెళ్ళి లాగి చూసొచ్చేది, 44 ఏళ్ళలో ఒక్కసారి కూడా నా మాట నమ్మలేదు. ఒక్కోసారి ఆవిడ లేచి వెళ్తున్న చప్పుడు కూడా వినపడుతుంది. మా అబ్బాయి నేను మాట్లాడటం విని కంగారుపడి డాక్టర్ దగ్గరికి వెళ్దాం అంటున్నాడు. నాకు మతి చలించిందంటారా?

జవాబు: లేదు అన్నయ్యగారూ. మీ అబ్బాయికి ఇది చూపించండి. బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతంలో డ్యూయీ రీస్ అని ఒక మామూలు డాక్టరుగారు ఉండేవారు, ఆయన భర్త పోయినవాళ్ళనీ భార్య పోయినవాళ్ళనీ కలిపి 293 మందిని కూర్చోబెట్టి ఇదే అడిగారు. దాదాపు సగం మంది మాకూ ఉందన్నారు, పక్కనే ఉన్నట్టు అనిపించడం, గొంతు వినపడటం, తిరిగి మాట్లాడటం. 1971లో ఆయన అది అచ్చు వేశారు. చాలామందికి అది భయంగా కాదు, తోడుగానే ఉందట. వాళ్ళలో ఎక్కువమంది అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు కూడా, మీరు నయం, నాకు రాశారు. పోయినవాళ్ళని వదిలెయ్యాలి, మర్చిపోవాలి, అప్పుడే కోలుకున్నట్టు అనే మాట ఒకప్పుడు గట్టిగా ఉండేది, 1990ల నుంచి ఈ విషయం చదివేవాళ్ళు దాన్ని పెద్దగా ఒప్పుకోవట్లేదు, బంధం పోదు, దాని రూపం మారుతుంది అంటున్నారు. కాబట్టి మీరు "వేశాను" అని చెప్పుకోండి. ఆవిడ నమ్మదు, అది వేరే సంగతి.

కానీ డాక్టర్ దగ్గరికి మాత్రం వెళ్ళండి, మతి కోసం కాదు, గుండె కోసం. 1969లో పార్క్స్ అనే ఆయన, ఇంకో ఇద్దరు కలిసి, 55 ఏళ్ళు దాటాక భార్య పోయిన 4,486 మంది మగవాళ్ళ లెక్క తీశారు. మొదటి ఆరు నెలల్లో వాళ్ళలో చనిపోయినవాళ్ళు, అదే వయసులో భార్య ఉన్నవాళ్ళతో పోలిస్తే 40 శాతం ఎక్కువ. ఎక్కువగా గుండె జబ్బులే. మీరు ఆ ఆరు నెలలు దాటేశారు, సంతోషం, భయపెట్టడానికి చెప్పట్లేదు. నాకు తెలిసిన ఇళ్ళల్లో చూసింది చెప్తున్నా, ఆయన బీపీ మాత్ర టైముకి వేసుకున్నాడంటే అది ఆయన గొప్ప కాదు, ఆవిడ అరుపు. అరుపు పోయాక మాత్ర కూడా పోతుంది. మీ మాత్రలు ఎవరు గుర్తు చేస్తున్నారు ఇప్పుడు? కళ్ళ పరీక్ష ఎప్పుడు చేయించారు? అబ్బాయి కంగారుపడుతున్నాడు కదా, ఆ కంగారుని ఈ పనికి వాడుకోండి.

ఎప్పుడు దిగులుపడాలో కూడా చెప్పేస్తా, మళ్ళీ మళ్ళీ ఉత్తరాలు రాస్తారు. ఎడతెగని దుఃఖం అని ఒక జబ్బుని ఇప్పుడు డాక్టర్లు విడిగా గుర్తిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ప్రకారం కనీసం ఆరు నెలలు దాటాలి, అమెరికా సైకియాట్రిస్టులు 2022లో తెచ్చిన పుస్తకం ప్రకారమైతే పెద్దవాళ్ళకి కనీసం ఏడాది. నెలలు దాటితే చాలదు, ఇంచుమించు ప్రతిరోజూ ఆ బాధ మనిషిని లేవనివ్వకపోవాలి, పనులు సాగకపోవాలి, నేనెందుకు ఉన్నాను అనిపించాలి. తలుపు దగ్గర ఒక్క మాట అనడం అందులోకి రాదు. చచ్చిపోదామనే ఆలోచన వస్తుంటే మాత్రం నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు, ఆ రోజే ఎవరికైనా చెప్పాలి, ఆ రోజే డాక్టర్ని కలవాలి.

ప్రశ్న: అమ్మ పోయింది. మా అక్క అంటుంది దుఃఖానికి ఐదు స్టేజీలుంటాయని, నేను ఇంకా కోపం స్టేజీలోనే ఇరుక్కుపోయానని. నిజమా?

జవాబు: ఆ ఐదూ 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే డాక్టర్ చెప్పినవి, చావుకి దగ్గరైన పేషెంట్లతో మాట్లాడి చెప్పినవి. అంటే పోతున్నవాళ్ళ గురించి, మిగిలినవాళ్ళ గురించి కాదు. తర్వాత జనం అందరికీ అంటించేశారు. అది మెట్లు కాదు, నువ్వు ఎక్కడా ఇరుక్కోలేదు. అమ్మ మీద కోపం వస్తుంటే రానీ, మీ అమ్మకి నీ మీద రాలేదా ఏంటి.

ప్రశ్న: ఆంటీ, మా అమ్మ ఫోన్ నా దగ్గరే ఉంది. అందులో వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు చాలా ఉన్నాయి, సగం నన్ను తిట్టేవే, "ఫోన్ ఎత్తవేంరా, బతికే ఉన్నావా" అని మొదలవుతాయి. ఆ సిమ్ రీఛార్జ్ ఆపేస్తే అవన్నీ పోతాయా? ఎలా దాచుకోవాలి?

జవాబు: బాబూ, ఈ పేజీ పక్కన పెట్టి ఆ పని ముందు చెయ్యి, తర్వాత చదువుకోవచ్చు.

సిమ్ ఆగిపోగానే ఫోన్‌లో ఉన్నవి చెరిగిపోవు. కానీ ఇంటర్నెట్‌కి కలపకుండా వాడకుండా వదిలేసిన వాట్సాప్ అకౌంట్‌ని 120 రోజుల తర్వాత వాళ్ళు తీసేస్తారు. ఫోన్‌లోపల ఉన్నది అప్పటికీ ఉంటుంది, యాప్ తీసేస్తేనో, ఎవరో మంచిచేద్దామని ఫోన్ రీసెట్ చేస్తేనో పోతుంది. ఎక్కువగా పోయేది అలాగే, "స్లో అయిపోయింది, క్లీన్ చేసి పెట్టా" అని ఇంట్లో ఒక కుర్రాడు. కాబట్టి ఆ ఫోన్ రిపేరుకి ఇవ్వకు, పిల్లలకి ఆడుకోవడానికి ఇవ్వకు, యాప్ అప్‌డేట్ల జోలికి కూడా ప్రస్తుతానికి పోకు.

చాట్ తెరిచి మెనూలో ఎక్స్‌పోర్ట్ చాట్ అని ఉంటుంది, మీడియాతో సహా అని ఎంచుకుని నీకు నువ్వే పంపుకో. పాత చాట్ బాగా పెద్దదైతే అన్నీ రావు, అందుకని ముఖ్యమైన వాయిస్‌లు ఒక్కొక్కటిగా కూడా పంపుకో. ఆ ఫైళ్ళు సాధారణంగా ఓపస్ అనే రకంలో ఉంటాయి, అన్ని చోట్లా తెరుచుకోవు, అందుకని ఎంపీ3లోకి మార్చిన కాపీ ఇంకోటి పెట్టుకో, అసలుది మాత్రం పారెయ్యకు. ఫైలు పేరులో తారీఖు, ఎందుకు తిట్టిందో రెండు ముక్కలు రాసుకో, పదేళ్ళ తర్వాత నీకే గుర్తుండదు. మొత్తం మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల వాటి మీద, ఫోన్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి అలాగ, అందులో ఒకటి వేరే ఇంట్లో, అక్క దగ్గరో బాబాయ్ దగ్గరో. అమ్మ గూగుల్ అకౌంట్లో ఫొటోలుంటే అదీ చూసుకో, రెండేళ్ళు ఎవరూ తెరవకపోతే ఆ అకౌంట్ తీసెయ్యడానికి గూగుల్‌కి వీలుంది.

అచ్చు ఫొటోలు కూడా ఉంటాయి కదా, చిన్నవైతే 600 డీపీఐలో స్కాన్ చేయించు. వెనకాల బాల్ పెన్నుతో పేర్లు రాయకు, నొక్కు ముందువైపుకి తేలుతుంది, ఇంకు దిగుతుంది. పాత కాగితం ఫొటో అయితే మెత్తటి పెన్సిల్‌తో అంచున తేలిగ్గా రాయి. కానీ ముందు అందులో ఎవరెవరున్నారో చెప్పగలిగే పెద్దవాళ్ళ దగ్గర కూర్చో, స్కానర్ ఎక్కడికీ పోదు, వాళ్ళు పోతారు.

ఇంకొకటి, తిట్లు తీసేసి మంచి మెసేజ్‌లు మాత్రమే ఉంచుకుందామని అనిపిస్తే, వద్దు. "బతికే ఉన్నావా" అని అడిగింది చూడు, అది ముందు దాచు.

ప్రశ్న: మా అత్తగారు పోయి ఏడాది. ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరికీ పడలేదు, తన కొడుకుని నేను సరిగ్గా చూసుకోవట్లేదని ఆవిడ బాధ, ఆవిడ ఏదీ నా చేతికి వదలదని నా బాధ. ఇప్పుడు ఏడుపొస్తోంది. నాకే నమ్మబుద్ధి కావట్లేదు. ఎవరికైనా చెప్తే నటన అనుకుంటారేమో.

జవాబు: ఎవరేమనుకుంటే ఏంటమ్మా, నువ్వు ఎవరి ముందూ ఏడవట్లేదు కదా. రోజూ ఒక మనిషితో తలపడాలంటే ఆ మనిషిని ఎంత బాగా చదవాలో ఆలోచించు. ఆవిడ అడుగుల చప్పుడుని బట్టి ఆ పూట మూడ్ ఏంటో నీకు తెలిసేది, అవునా? మీ ఆయనకి కూడా అంత తెలిసి ఉండదు. ఇద్దరూ ఒకే మనిషి కోసం కొట్టుకున్నారు, అలా కొట్టుకునేవాళ్ళలో ఒకరు పోతే రెండోవాళ్ళకి చేతులు ఖాళీ అయిపోతాయి. నీకు ఆవిడ మీద ఉన్న ఫిర్యాదులు అలాగే ఉంచుకో, ఏడుపొస్తోంది కదా అని వాటిని వెనక్కి తీసుకోనక్కర్లేదు.

ప్రశ్న: మా పాపకి నాలుగేళ్ళు. నానమ్మ ఎప్పుడొస్తుంది అని రోజూ అడుగుతోంది. నిద్రపోతోంది అని చెప్పాం. ఇప్పుడు రాత్రి పడుకోవడానికి భయపడుతోంది.

జవాబు: భయపడదా మరి, నిద్రపోయిన నానమ్మ లేవలేదు! ఆ మాట ఈ రోజే మార్చండి. "నానమ్మ చచ్చిపోయింది, అంటే ఒళ్ళు పనిచెయ్యడం ఆగిపోయింది, ఇంక రాదు, మనం నిద్రపోవడం వేరు, మనం పొద్దున్నే లేస్తాం" అని ఇంత పచ్చిగానే చెప్పండి. పోయినవాళ్ళు తిరిగి రారు అన్న సంగతి పిల్లలకి మామూలుగా ఐదు నుంచి ఏడేళ్ళ మధ్యలో బుర్రకెక్కుతుంది, మీ పాపకి ఇంకా టైముంది, అందుకని రేపు మళ్ళీ అడుగుతుంది, ఎల్లుండి కూడా అడుగుతుంది. అదే మాట, అదే గొంతుతో మళ్ళీ చెప్పండి. విసుక్కోకండి. నానమ్మ పాపని ఏమని పిలిచేదో ఆ పేరుతో మీరు కూడా అప్పుడప్పుడు పిలవండి.

ప్రశ్న: నా ఫోన్‌లో "అమ్మ" అనే నంబర్ ఇంకా ఉంది. తీసెయ్యాలా?

జవాబు: ఎందుకు, ఫోన్‌లో చోటు చాలట్లేదా? ఉంచుకో. కాకపోతే దానికి డయల్ చెయ్యకు, వాడకం ఆగిపోయిన నంబర్ కొన్నాళ్ళకి ఇంకొకరికి ఇచ్చేస్తారు. నేను ఒకసారి చేశాను, అమ్మ పోయిన రెండేళ్ళకి, ఎందుకు చేశానో నాకే తెలీదు. ఎవరో కుర్రాడు ఎత్తాడు. ఏం మాట్లాడాలో తోచక "రాంగ్ నంబర్ బాబూ" అన్నా. "ఫోన్ మీరే చేశారండీ" అన్నాడు.